ఆలంపూర్ దారిలో వైన్ చదువు

హాలియా

వైన్ చేయడానికి చదువు ఉంటుందని, ఆ చదువుకు ఎంపిక ఉంటుందని, ఆ ఎంపికలో నెగ్గాలంటే నోట్లో పోసుకున్నది మింగకుండా ఉమ్మడం రావాలని నాకు డెబ్బై రెండో ఏట తెలిసింది. ఆ దారిన పోనివాళ్లకు ఇవన్నీ తెలిసే వీలు లేదు కనుక చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నేను హాలియా సహకార సంఘంలో లెక్కలు రాసి రిటైరైనదాన్ని. తేదీ లేని మాట నాకు రుచించదు. మేం బయలుదేరింది 2025 ఫిబ్రవరి పద్దెనిమిది. అది మంగళవారం. మంగళవారం ఇంటి గడప దాటొద్దని కోడలు అంది. బుధవారం దాటితే శుక్రవారం పొద్దటికి తోట చేరలేమని నేను వేళ్ల మీద లెక్క వేసి చూపించాను. మంగళవారమే దాటాం.

మేం అంటే నేను, నా కొడుకు కూతురు స్రవంతి. దానికి ఇరవై రెండేళ్లు. నల్లగొండలో మైక్రోబయాలజీ డిగ్రీ చదివింది. కంటికి కనిపించని పురుగుల గురించి గంటసేపు చెప్పగలదు గాని, తను తాగిన టీ కప్పు ఎదురుగా ఉన్నా దానికి కనిపించదు. పుట్టి పెరిగిన ఇంట్లో ఒక్క గిన్నె తోమి ఎరగదు. అలాంటి పిల్ల సంక్రాంతి పోయాక ఒకరోజు అన్నం తింటూ, తాను వైన్ తయారీ చదువుతానని చెప్పింది.

మా ఇంట్లో ఈ మాట ఎందుకు పిడుగులా పడిందో చెప్పాలి. మేం గీత పని చేసేవాళ్లం. మా బాపు తాళ్లెక్కేవాడు. నేను ఐదో తరగతిలో ఉండగా ఒక పొద్దున నడుముకు కట్టుకున్న మోకు జారి చెట్టు మీంచి పడ్డాడు. బతికాడు గాని నడుం విరిగింది, మళ్లీ చెట్టెక్కలేదు. ఆ రోజు మా అమ్మ మోకును దూలానికి కట్టేసి, ఈ ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టొద్దంది. మా తమ్ముడు యాదగిరి వినలేదు. నేను విన్నాను, చదువుకున్నాను, ఉద్యోగం చేశాను. నా కొడుకు నర్సింహ బడిపంతులయ్యాడు.

"మూడు తరాలు పట్టిందమ్మా చెట్టు దిగడానికి," అన్నాడు నర్సింహ. "మూడు తరాలు. ఇప్పుడు ఇది సదువుకొని, ఫీజు గట్టి మల్ల ఎక్కుతదట."

ఊళ్లో సంగతి ఇంకో రకంగా పాకింది. పక్కింటి సత్తయ్య వచ్చి, ఏ మండలం వైన్స్ షాపుకు టెండర్ వేస్తున్నారని అడిగాడు. డ్రాలో పేరొస్తే తాను కూడా భాగం పెట్టుకుంటానన్నాడు. అలాంటిది కాదు, ఇది చదువు అని చెప్తే, చదివిన వాళ్లకు డ్రాలో ముందుంటుందా అని అడిగాడు.

తండ్రీ కూతుళ్లు వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆలంపూర్ దగ్గర ఒక ద్రాక్షతోటలో చిన్న వైనరీ ఉంది. కోతల కాలంలో పిల్లలను పిలిచి రెండు రోజులు చూస్తారు. నచ్చినవాళ్లను కోతలు అయిపోయేదాకా పనిలో పెట్టుకుంటారు. అక్కడ పనిచేసినట్టు రాయించుకుంటే మహారాష్ట్రలో వైన్ చదువు చెప్పే కాలేజీలో సీటుకు బలం. నేను స్రవంతి వెంట పోయి అంతా చూసి రావాలి. నేను సరే అంటే సరే. కాదంటే అది నోరు మూసుకుని బీఈడీ చేయాలి.

ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. నా తీర్పు మీద గౌరవమని నేను మురిసిపోలేదు. నేను దేనికీ సరే అనననే ధైర్యంతో కొడుకు ఒప్పుకున్నాడు. దారిలో నన్ను తిప్పుకోవచ్చనే ధైర్యంతో మనవరాలు ఒప్పుకుంది.

పానగల్

మొదటి మజిలీ మా తమ్ముడి ఇల్లు. నల్లగొండకు వచ్చినవాళ్లు పానగల్ గుళ్లు చూడకుండా పోతే నాకు కోపం. అందుకని ముందు పచ్చల సోమేశ్వరుడి దగ్గరికి తీసుకుపోయాను. స్రవంతి స్తంభాల మీద బొమ్మలను ఫోను పట్టి ఫొటోలు తీసుకుంది. ఒక బొమ్మ చేతిలో గిన్నె ఉంటే, అది కచ్చితంగా వైన్ గిన్నేనంది. పాలు కూడా గిన్నెలోనే పోస్తారని నేను చెప్పాను.

మేం పోయేసరికి యాదగిరి చెట్టు మీద ఉన్నాడు. అరవై ఆరేళ్ల మనిషి. స్రవంతి తలెత్తి, "తాతా" అని అరవబోయింది. నేను దాని నోరు మూశాను. మా ఇంట్లో ఇది కట్టుబాటు. పైనున్న మనిషిని కిందినుంచి పిలవకూడదు. పిలిస్తే కిందికి చూస్తాడు. చూస్తే పట్టు తప్పుతుంది. ఇంటికి నిప్పంటుకున్నా సరే, దిగేదాకా ఆగాలి. బాపు పడినప్పుడు కింద ఎవరు పిలిచారో మా అమ్మకు తెలుసు గాని, చచ్చేదాకా చెప్పలేదు.

యాదగిరి దిగాడు. కల్లుకుండను, మా మాటలో లొట్టిని, దించుకుని మొదటి నాలుగు చుక్కలు నేల మీద ఒంపి, "ఎల్లమ్మ తల్లీ" అనుకున్నాడు. దీన్ని మేం సాక పోయడం అంటాం. తల్లికి పోయకుండా తాగితే అది మాకు ఎంగిలి తిన్నట్టే. తర్వాత తాటాకు మడిచి దొప్ప చేసి నా చేతికిచ్చాడు. నేను తాగుతానా అని అనుమానపడే వాళ్లకు జవాబు: పుట్టింట్లో, తమ్ముడు ఇస్తే, తాగుతాను.

స్రవంతి ఏ చదువుకు పోతున్నదో విని యాదగిరి చాలాసేపు నవ్వాడు.

"కల్లు చెట్టే ఇస్తది బిడ్డా. మనం తెచ్చుకునుడే. చెట్టుకు సదువు చెప్తరా?"

"చెట్టు ఇచ్చేది తియ్యటి నీరే తాతా. దాన్ని కల్లు చేసేది లొట్టిలున్న ఈస్టు. సన్న పురుగులసొంటివి."

"నా లొట్టిల గసొంటియి ఏం లెవ్వు," అన్నాడు యాదగిరి నొచ్చుకుని. "పొద్దుగాల్నే కడిగిన."

అసలు గొడవ తర్వాత జరిగింది. తోటలో రుచి చూసే పరీక్ష ఉంటుందట. దానికి సాధన చేయాలని స్రవంతి దొప్ప అందుకుంది. వాసన చూసింది, ఒక గుటక నోట్లోకి తీసుకుంది, బుగ్గలు అటూ ఇటూ ఆడించింది, పక్కనున్న కంచెలోకి ఉమ్మేసింది. యాదగిరి మొహం చూడలేకపోయాను. ఆ కల్లు కోసం ఆయన పొద్దున ఒకసారి, ఇప్పుడొకసారి చెట్టెక్కాడు.

"గంత పాడుగున్నదానే నా కల్లు?"

"లేదు తాతా, మస్తుంది. మంచిగుంటె గూడ ఉమ్మాలె."

"పాడుగుంటె?"

"అప్పుడు గూడ ఉమ్మాలె."

"మరి తాగుడెప్పుడే?"

"డ్యూటీ అయినంక."

యాదగిరి నా వైపు తిరిగి, "అక్కా, గీ పిల్లను బీఈడీల ఏసెయ్యి," అన్నాడు.

రాత్రి ఉదయసముద్రం చెరువు చేపల పులుసు, జొన్నరొట్టె. మా మరదలు పులుసులో చింతపండు హాలియాలో వేసే దానికన్నా ఎక్కువే వేస్తుంది. బాగుందని చెప్పాను. పొద్దున బయలుదేరేటప్పుడు యాదగిరి ఒక సంచి నిండా బత్తాయిలు ఇచ్చాడు. కోపం మాత్రం పోలేదు. స్రవంతితో, "గివి గూడ ఉమ్మకే," అన్నాడు.

దేవరకొండ దారి

ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ ఊరికే ఇస్తారు, ఆధార్ కార్డు చూపాలి. నా కార్డులో ఫొటో చూసి కండక్టర్ ఇది మీరేనా అని అడిగాడు. నేను కూడా అదే మాట ఆఫీసువాళ్లను అడిగానని చెప్పాను. సున్నా రూపాయలని అచ్చేసిన టికెట్‌ను కూడా నేను చించను, దిగేదాకా దాచుకుంటాను. డబ్బు తీసుకోకుండా కాగితం ఇచ్చారంటే అడిగేవాడు ఎక్కడో ఒకడుంటాడు.

దేవరకొండలో మా పక్కన రూతమ్మ అనే ఆవిడ కూర్చుంది. కల్వకుర్తి దగ్గర ఒక పల్లె దవాఖానలో నర్సు. బత్తాయి ఒలిచి ఇస్తే తన టిఫిన్ డబ్బాలోని పల్లీల పొడి ఇడ్లీ ఇచ్చింది. ఎక్కడికి పోతున్నారంటే నేను తోట చూడటానికి అన్నాను. స్రవంతి దాపరికం లేకుండా వైన్ చదువుకు అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

రూతమ్మ మొహం తిప్పుకోలేదు సరికదా, సర్దుకుని కూర్చుంది. వాళ్ల చర్చిలో ప్రభువు బల్లకు ద్రాక్షరసం చేసేది ఆవిడేనట. నల్ల ద్రాక్ష ఉడికించి, వడగట్టి, సీసాల్లో పోసి పెడుతుందట. నిరుడు ఎండాకాలంలో ఆ సీసాల్లో ఒకటి అల్మారాలోనే బిరడా ఎగరగొట్టింది. మిగిలినవి బాగానే ఉన్నాయనుకుని ఆ ఆదివారం బల్లకు పెట్టారు. గుక్కెడు తీసుకున్నవాళ్లు కొందరు మళ్లీ వరుస చివర్లో నిలబడ్డారట.

"మా పాస్టరయ్య ఆత్మ దిగొచ్చిందనుకున్నడు," అంది రూతమ్మ మెల్లగా. "నేను గా సీసా మూత వాసన జూసిన. ఎవ్వలికి చెప్పలె. గిప్పుడు నీకే చెప్తున్న బిడ్డా. ఎందుకట్లయితది?"

స్రవంతి ఫోను పక్కన పెట్టింది. నేను దాన్ని అట్లా ఎన్నడూ చూడలేదు. ద్రాక్షతొక్క మీద ఉండే బూడిదలాంటి పొర దగ్గర మొదలుపెట్టి, సీసాలు ఎట్లా కడుగుతారు, రసం చల్లారినంక పోస్తారా వేడి మీద పోస్తారా, ఎన్నిరోజులు ఉంచుతారు అని దవాఖానలో డాక్టరు అడిగినట్టు అడిగింది. రసం చల్లారబెట్టి పోయడమే తప్పంది. సీసాను మరిగే నీళ్లలో ఉంచి తీసి, రసాన్ని పొంగు మీదే మెడ దాకా నింపి మూత బిగించమంది. మూత తీసిన సీసాను మిగల్చొద్దంది. కల్వకుర్తి వచ్చేసరికి రూతమ్మ అంతా అప్పజెప్పింది, ఒక్క మాట తప్పలేదు. దిగుతూ నా చెయ్యి పట్టుకుని, మీ మనవరాలిది మంచి చదువు అమ్మా అంది.

నేను ఏమీ అనలేదు. ఇంకా జడ్చర్ల కూడా రాలేదు, అప్పుడే తీర్పు చెప్పే అలవాటు నాకు లేదు. ఆ ఏమీ అనకపోవడాన్నే స్రవంతి సగం గెలుపు కింద లెక్కేసుకుంది. సంచిలో బత్తాయిలు మాత్రం ఎవరో కాలు వేయడం వల్ల నలిగి, నా రెండో చీర దాకా తడిపాయి.

మహబూబ్‌నగర్

పాలమూరులో టీ పది రూపాయలు, మా హాలియాలో కూడా పదే. కాని ఇక్కడి గ్లాసు పొట్టి. మిర్చిబజ్జీ మాత్రం వీళ్లదే పెద్దది. రెండూ కలిపి చూస్తే ఊరికి ఊరికి సరిపోయింది.

ఇక్కడ స్రవంతి ఒక హోటల్ శిక్షణ సంస్థలో అడిగి చూద్దామంది. తోటలో రాకపోతే ఇంకో దారి చూసుకోవాలి కదా అని దాని ఆలోచన. టైర్ల దుకాణం మీద రెండు గదులు. టై కట్టుకున్న కుర్రాడు మమ్మల్ని కూర్చోబెట్టి, వైన్ రంగంలో ఎన్ని దారులున్నాయో చెప్పాడు. తయారీ ఒక్కటే కాదట. హోటల్లో ఎవరేం తింటున్నారో చూసి దానికి ఏ సీసా నప్పుతుందో చెప్పే ఉద్యోగం ఒకటి ఉందట. దానికి రుచి పరీక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయట, హైదరాబాద్‌లో రాయాలట. అమ్మకాలవాళ్లు వేరు, తోట పెంచేవాళ్లు వేరు. తోట పెంచేవాళ్లు వ్యవసాయం చదవాలి. తమ దగ్గర మాత్రం ఆరు నెలల్లో బార్ పని నేర్పి నేరుగా టూరిస్టుల ఓడలో కొలువుకు ఎక్కిస్తామన్నాడు. నమ్మకం కలిగించడానికి నీళ్లు పోసిన ఒక సీసాను గాల్లో తిప్పి మోచేతి మీద పట్టుకున్నాడు. రెండోసారి పట్టుకోలేకపోయాడు. ప్లాస్టిక్ సీసా కావడం వల్ల నష్టం లేదు.

నేను నాలుగైదు ప్రశ్నలు అడిగాను. నిరుడు ఓడ ఎక్కినవాళ్లెవరు? ఏ ఓడ? వాళ్లతో ఇప్పుడు ఫోనులో మాట్లాడవచ్చా? సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? ఆ సంతకం చేసేవారికి సర్టిఫికెట్ ఎవరిచ్చారు? కుర్రాడు మాకు టీ చెప్పాడు. తర్వాత బిస్కెట్లు చెప్పాడు. ఇంకో ప్రశ్న అడగబోతుంటే లేచి నిలబడి, "మేడం, మీరు ఇన్‌స్పెక్షన్‌కొచ్చిండ్రా?" అన్నాడు.

మెట్లు దిగుతుంటే స్రవంతి, "అవ్వా, రేపు తోటల గిట్ల అడగకు," అని బతిమాలింది. అడుగుతానని చెప్పాను. ఆ మాటకే కదా వాళ్ల నాయిన నన్ను పంపింది.

ఆలంపూర్

గురువారం సాయంత్రం జోగులాంబను చూశాం. శివరాత్రికి పందిళ్లు వేస్తున్నారు. తొమ్మిది బ్రహ్మల గుళ్లనూ వరుసగా లెక్కబెట్టుకుంటూ తిరిగాను. స్రవంతి కళ్లు మూసుకుని చాలాసేపు దండం పెట్టుకుంది. ఏం మొక్కుకున్నావని అడిగితే, "నీ బుద్ధి మారాలని" అంది.

నేను తల్లిని ఏమీ అడగలేదు. తీర్పు చెప్పాల్సింది నేనైనప్పుడు ఆమెను అడగడం పద్ధతి కాదు. తుంగభద్ర ఒడ్డున కూర్చుని ఆలోచించాను. నిజం చెప్పాలంటే, కాదనడానికే నేను హాలియా నుంచి వచ్చాను. నర్సింహ మాట నా మనసులోదే. చెట్టు దిగడానికి ఎంత పట్టిందో వాడు విన్నాడు, నేను చూశాను. అయితే కాదనడానికి ఒక కారణం దొరకాలి, అది ఆ పిల్ల మొహం మీద చెప్పగలిగేదై ఉండాలి. ఓడ ఎక్కించే కుర్రాడు దొరికాడు గాని, తోట ఇంకా చూడలేదు. ఇటుపక్క కట్ట మీద అమ్మే వేడి వేడి బొరుగుల ఉగ్గాణి తిన్నాం. అవతల ఒడ్డు కర్నూలు కనుక వంటలోకి ఆ గాలి వచ్చింది.

తోట, మొదటి రోజు

తోటలో శిక్షణ ఇచ్చేది మాధురి మేడం. మహారాష్ట్ర మనిషి, నలభై ఏళ్లుంటాయి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. తెలుగు రాదు. నిజాం కాలం నుంచి మన ఇళ్లల్లో మిగిలిన ఉర్దూ నాకు పనికొచ్చింది. నన్ను మావశీ అని పిలిచింది. వాళ్ల భాషలో అది చిన్నమ్మట. పిలిచిన వెంటనే, బయటికి పొమ్మంది.

కారణం నా నొసలు. బస్సు ప్రయాణం వల్ల తలనొప్పి వచ్చి తైలం రాసుకున్నాను. రుచి చూసే గదిలో ఏ వాసనా ఉండకూడదట. సబ్బుతో కడుక్కుని వచ్చాను. మళ్లీ పొమ్మంది, ఈసారి కొబ్బరినూనె. తల మీద గుడ్డ కట్టుకుని వచ్చాను. ఆ తర్వాత జడలోని మల్లెచెండు. స్రవంతి నేల చూపులు చూస్తున్నది. మా ఇంట్లో ఇతరులను ఇట్లా వెనక్కి పంపేది నేను. ఇంకొకరు నన్ను పంపడం అదే మొదలు.

శిక్షణకు వచ్చినవాళ్లు ఐదుగురు. పిల్లల ముందు తలా మూడు గాజు గ్లాసులు, పక్కన ఉమ్మడానికి ఒక బకెట్. స్రవంతి వంతు వచ్చింది. ఎర్ర వైన్ వాసన చూసి బ్లాక్‌కరెంట్ అని చెప్పింది. ఆ పండు ఎప్పుడైనా తిన్నావా అని మేడం హిందీలో అడిగింది.

"ఐస్‌క్రీం తిన్న మేడం," అంది స్రవంతి.

తెలిసినవాటి పేరు చెప్పు, పుస్తకంలోవి కాదు అంది మేడం. స్రవంతి తెల్లదాన్ని చాలాసేపు వాసన చూసి బత్తాయి తొక్క అంది. మా తమ్ముడి సంచి వాసన దాని బట్టల్లోంచి వచ్చిందేమోనని నా అనుమానం. మేడం ఏదో రాసుకుంది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఉమ్మడంలో మాత్రం స్రవంతి గురి తప్పలేదు.

పిల్లలతో వచ్చిన పెద్దవాళ్లకు కూడా మర్యాదకు ఒక గ్లాసు ఇచ్చారు. నేను అందుకున్నాను. నా చెయ్యి నన్ను అడగలేదు. మొదటి నాలుగు చుక్కలను, అద్దంలా మెరుస్తున్న ఆ తెల్లటి నేల మీద ఒంపేసింది. "ఎల్లమ్మ తల్లీ," అని నోరు కూడా అంది.

అందరి చూపూ ఆ నేల మీదికి పోయింది. గద్వాల నుంచి వచ్చిన కుర్రాడొకడు, అవ్వకు ఎక్కిందని పక్కవాడితో అన్నాడు. నేనింకా పెదవి కూడా తడపలేదు. స్రవంతి తన గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. దాని సీటు ఆ నేల మీద పారిందనిపించింది. కాదనడానికి నేను కారణం వెతుకుతుంటే, వాళ్లకు కాదనడానికి నేనే కారణమయ్యేట్టున్నాను.

మాధురి మేడం ఏమిటిదని అడిగింది. సాక అంటే ఏమిటో చెప్పాను. తల్లికి పోయకుండా మేం ముట్టమని చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత చెప్పింది కూడా నాకు బాగా గుర్తుంది. తల్లి భాగం తల్లికి ఇవ్వాల్సిందే గాని తలుపు బయట ఇవ్వాలట. లోపల ఒక చుక్క పడితే చిన్న ఈగలు వస్తాయి, ఈగలు వస్తే పుల్లటి పురుగు వస్తుంది, అది వస్తే పెద్ద పీపాలోని వైన్ అంతా సిర్కా, అదే వెనిగర్, అవుతుంది. ఇక్కడ ఒలికించిన వాళ్లే కడగాలి, అది ఎవరైనా సరే అంటూ తడిగుడ్డ కర్ర నా చేతికిచ్చింది.

కడిగాను. కడిగినచోట తడి ఉందని మళ్లీ తుడవమంది. తుడిచాను. వంగి వేలుతో రాసి చూసి, బల్ల కాలు కింద కూడా అంది. అక్కడ కూడా తుడిచాను. ఆ మూల నేను ఒలికించని పాత మరక ఒకటి కనిపిస్తే చూపించాను. మేడం తన మనిషిని పిలిచి నాలుగు తిట్టింది. నాకన్నా చాదస్తం ఉన్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆ రోజు అన్నం రుచిగా ఉంది.

రాత్రి స్రవంతి గోడ వైపు తిరిగి పడుకుంది. "రేపు నువ్వు రాకవ్వా," అంది.

వస్తానన్నాను.

తోట, రెండో రోజు

రెండో రోజు రుచి లేదు, పని. మేడం పిల్లలందరికీ బూట్లు, బ్రష్షులు ఇచ్చింది. కోతకు పోయే ప్లాస్టిక్ పెట్టెలు, గొట్టాలు, గిన్నెలు, చివరికి మనిషి దూరేంత పీపాలు కడగమంది. వైన్ పనిలో సగానికి పైన ఇదేనట. ఏడాదంతా ఇదేనట. గద్వాల కుర్రాడు పది గంటలకు ఫోను వచ్చిందని బయటికి పోయి తిరిగి రాలేదు. ఇంకో అమ్మాయి గోళ్లు చూసుకుని ఏడ్చింది.

నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని, స్రవంతి ఎప్పుడు ఆపుతుందా అని చూస్తూ కూర్చున్నాను. నాకు కావాల్సిన కారణం ఇక్కడ దొరుకుతుందని నమ్మకంగా ఉంది. ఇంట్లో టీ కప్పు కడగని పిల్ల కదా. ఒక పెట్టె కడిగింది, వాసన చూసింది, మళ్లీ కడిగింది. తర్వాత ఇంకోటి. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఈ గొట్టం అయినంక అంది. గొట్టం చివర కన్ను పెట్టి లోపలికి చూస్తున్నది. నేను తిట్టడానికి ఏమీ దొరకలేదు. మా ఇంట్లో కప్పు ఎందుకు కడగలేదో మాత్రం ఇంటికి పోయాక అడగాలని గుర్తు పెట్టుకున్నాను.

మూడు గంటలప్పుడు మేడం దాన్ని పేరు పెట్టి పిలిచింది. ఎర్ర వైన్ పులిసే పెద్ద తొట్టెలో ద్రాక్షతొక్కలు పైకి తేలి గట్టిగా కడతాయి. రోజుకు రెండు మూడు సార్లు పైనుంచి పొడవాటి కర్రతో వాటిని లోపలికి తొక్కాలి. ఆ తొట్టె నుంచి లేచే ఆవిరి తల తిప్పుతుంది. అందుకని మెట్లెక్కి, పైన పలక మీద నిలబడి, నడుముకు బెల్టు వేసుకుని, ఆ బెల్టు తాడును ఇనుప కమ్మీకి కట్టుకుని పనిచేయాలి. కింద ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. మేడం నా వైపు చూసి, మావశీ మీరు ఉండండి అంది.

స్రవంతి బెల్టు బిగించుకుంది. నేను పోయి దాని వెనక కట్టును లాగి చూశాను. ఒక పట్టీ వదులుగా ఉంటే బిగించాను. ఎక్కడ బిగించాలో నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ తలుపు దగ్గర నిలబడి బాపు మోకును అట్లాగే లాగి చూసేది.

అది మెట్లెక్కింది. కర్ర అందుకుంది. ఒంటి బరువంతా వేసి తొక్కుతుంటే, లోపలి నుంచి తాజా కల్లు వాసన, ఇంకేదో వాసన కలిసి కిందికి దిగింది. దాని కాళ్లు పలక మీద ఎడంగా, గట్టిగా ఉన్నాయి.

అప్పుడే నర్సింహ ఫోను.

"అమ్మా, రెండు దినాలాయె. ఏమనుకున్నవ్?"

"చూస్తున్నరా."

"ఇంకేం చూసుడు? దానికియ్యి, నేను మాట్లాడుత. రేపు బస్సెక్కి రమ్మను. బీఈడీ ఫారం ఆఖరు తేదీ ఉన్నది."

"ఇప్పుడు ఇయ్య."

"ఎందుకియ్యవు? పక్కకు లేదా? పిలువు."

"పైనున్నది బిడ్డా," అన్నాను. "పైనున్నోళ్లను పిలువొద్దు. దిగినంక మాట్లాడుతది."

ఫోనులో కోడలు ఏదో అడగడం, వాడు ఆగమనడం వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు:

"నడుముకు గట్టిగ కట్టుకున్నదా?"

కట్టుకుందని, నేనే లాగి చూశానని చెప్పాను. అయితే సరే అన్నాడు.

ఫోను పెట్టేసి తొట్టె కింద నిలబడ్డాను. అది దిగేదాకా పిలవలేదు.